టెన్నెసీ వాకింగ్ హార్స్: షోలో చూపు నేర్చుకుని సేల్‌లో గుర్రం కొనడం ఎలా

నాష్‌విల్, హంట్స్‌విల్, అట్లాంటా చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాల్లో పిల్లల్ని గుర్రపు స్వారీ క్లాసులకు పంపేవాళ్ళు ఉన్నారు. క్లాసులు కాస్త వంటబట్టాక ఇంట్లో ఒకటే గోల మొదలవుతుంది: "మనమే ఒక గుర్రం కొనుక్కుందాం నాన్నా." దక్షిణాది రాష్ట్రాల్లో ఆ మాట వస్తే నలుగురూ చెప్పే పేరు టెన్నెసీ వాకింగ్ హార్స్. కూర్చున్నవాణ్ణి కుదపదు, స్వభావం నెమ్మది, నడుము నొప్పి ఉన్న పెద్దవాళ్ళు కూడా ఎక్కగలరు. 2000లో టెన్నెసీ దీన్ని తన అధికారిక రాష్ట్ర అశ్వంగా ప్రకటించింది.

నా సలహా ఒక్కటే. కనీసం ఒక సీజన్ షోలు, అంటే గుర్రాల నడక పోటీలు, చూడండి, ఆ తర్వాతే సేల్‌లో, అంటే వేలంలో, చెయ్యెత్తండి. సేల్‌లో ఒక్కో గుర్రం రింగులో ఉండేది రెండు మూడు నిమిషాలు. ఆ కాస్త టైమ్‌లో మంచిచెడులు పట్టుకునే చూపు షోల దగ్గరే వస్తుంది, అదీ తక్కువ ఖర్చుతో.

1. ముందు నడక చూడడం నేర్చుకోండి

ఈ జాతికి మూడు నడకలు: ఫ్లాట్ వాక్, రన్నింగ్ వాక్, కాంటర్ అనే నెమ్మది దౌడు. మొదటి రెండింట్లోనూ నాలుగు కాళ్ళూ విడివిడిగా, సమానమైన వ్యవధిలో నేలను తాకుతాయి. ఫ్లాట్ వాక్ గంటకు నాలుగు నుంచి ఎనిమిది మైళ్ళ వేగం. రన్నింగ్ వాక్ అదే లయ, వేగం ఎక్కువ. కాంటర్ ఊగే కుర్చీలో కూర్చున్నట్టు ఉంటుందని అక్కడివాళ్ళు అంటారు.

రింగు కంచె పక్కన నిలబడినప్పుడు గుర్రం మొత్తాన్ని ఒకేసారి చూడబోతే ఏమీ అర్థం కాదు. ఒక్క వెనక గిట్టనే పట్టుకోండి. చదును చేసిన మట్టిలో ముందరి గిట్ట అచ్చు పడుతుంది. అది పైకి లేవగానే అదే వైపు వెనక గిట్ట వచ్చి ఆ అచ్చును దాటి ముందు పడాలి. దీన్ని ఓవర్‌స్ట్రైడ్ అంటారు. రన్నింగ్ వాక్‌లో ఇది ఆరు నుంచి పద్దెనిమిది అంగుళాల దాకా ఉంటుంది. గుర్రం దాటిపోయాక మట్టిలోకి తొంగి చూస్తే ఎంత దాటిందో మీకే కనబడుతుంది.

తర్వాత తల చూడండి. వెనక కాళ్ళ లయకు తగ్గట్టు తల కిందికీ పైకీ ఊగాలి. బాగా వదులుగా నడిచే గుర్రానికి చెవులు కూడా ఊగుతాయి, కొన్ని పళ్ళు టకటకలాడిస్తాయి. తల బిర్రబిగుసుకుని కాళ్ళు మాత్రమే గబగబా ఆడుతుంటే అది వాకింగ్ హార్స్ నడక కాదు.

చివరగా రౌతు టోపీ. ఇది చాలా సులువైన పరీక్ష. టోపీ సరళరేఖలో సాగిపోతుంటే నడక బాగున్నట్టు. టోపీ పైకీ కిందికీ ఎగురుతుంటే గుర్రం ట్రాట్‌లోకి జారింది, అంటే ఎదురుమూలల కాళ్ళు జంటగా పడుతున్నాయి. టోపీ పక్కలకు ఊగుతుంటే ఒకవైపు కాళ్ళు రెండూ కలిసి కదులుతున్నాయి. దాన్ని పేసింగ్ అంటారు, ఈ జాతిలో చాలా ఎక్కువగా కనబడే లోపం ఇదే. లైట్లు, సంగీతం, చప్పట్ల మధ్య పేసింగ్‌ను రన్నింగ్ వాక్ అనుకుని మురిసిపోయే కొత్తవాళ్ళు ఎందరో.

రింగు మట్టిలో అడుగుల చప్పుడు సరిగ్గా వినబడదు. గుర్రాలను ట్రెయిలర్ల నుంచి రింగు దగ్గరికి తెచ్చేటప్పుడు తారు మీదో గట్టి కంకర మీదో నడిపిస్తారు. అక్కడ కళ్ళు మూసుకుని వినండి. నాలుగు దెబ్బలు, సమానమైన ఎడంతో వినబడాలి. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసుకుని ఇంట్లో చూసుకుంటే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది.

మృదువుగా నడిచే జాతులు ఇంకా ఉన్నాయి. మిస్సౌరీ ఫాక్స్ ట్రాటర్‌కు ఆవా పట్టణంలో సొంత షో ఉంది, ర్యాకింగ్ హార్స్‌కు అలబామాలోని డెకటూర్‌లో ఉంది. పాసో ఫీనో, రాకీ మౌంటెన్ హార్స్ వేరే. ఒకదాని నడకతో ఇంకోదాన్ని కొలవకండి.

2. ఏ షోకు వెళ్ళాలి

పేరున్నది షెల్బీవిల్‌లో జరిగే నేషనల్ సెలబ్రేషన్. నాష్‌విల్ నుంచి ఆగ్నేయంగా అరవై మైళ్ళ లోపే. 1939లో మొదలైంది, మొదటి ఛాంపియన్ పేరు స్ట్రోలింగ్ జిమ్. ఏటా ఆగస్టు చివర్లో మొదలై పదకొండు రోజులు నడుస్తుంది, లేబర్ డే ముందు శనివారం రాత్రితో ముగుస్తుంది. ఒక్కసారైనా చూడాల్సిందే. కానీ నేర్చుకోవడానికి అది చోటు కాదు. జనం ఎక్కువ, గుర్రాలకు దూరంగా కూర్చోవాలి, యజమానులు టెన్షన్‌లో ఉంటారు, మీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు.

మీకు కావలసింది చిన్న ఊళ్ళ షో. వసంతం నుంచి శరదృతువు దాకా మధ్య టెన్నెసీలో ఈ షోలు వారాంతాల్లో జరుగుతూనే ఉంటాయి. చాలావాటిని లయన్స్ క్లబ్‌లు, స్థానిక సేవా సంఘాలు విరాళాల కోసం నిర్వహిస్తాయి. షెల్బీవిల్ పక్కనే ఉన్న వార్‌ట్రేస్‌కు ఈ జాతి పుట్టిల్లు అనే పేరుంది. కొలంబియాలో వసంతకాలపు జూబిలీ అనే షో జరుగుతుంది. శనివారం సాయంత్రం వెళ్తే కంచె పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు, గుర్రం చెమట వాసన తెలిసేంత దగ్గర. తిండి విషయంలో మాత్రం ఆశ పెట్టుకోకండి. పంది మాంసం శాండ్‌విచ్‌లు, ఫనెల్ కేకులు తప్ప శాకాహారులకు దొరికేది తక్కువ. కూలర్‌లో పెరుగన్నం, ఆవకాయ పెట్టుకెళ్ళడం ఉత్తమం.

వెళ్ళేముందు షో ప్రకటనలో రెండు విషయాలు చూడండి: అది ఫ్లాట్ షాడ్, అంటే మామూలు లాడాల గుర్రాల, షోనా, ప్యాడ్లు వేసిన గుర్రాల షోనా, రెండూ కలిసినదా? తనిఖీ ఎవరు చేస్తున్నారు? ఈ ప్రశ్నల వెనక ఒక పెద్ద గొడవ ఉంది. అది తెలియకుండా ఈ గుర్రాల జోలికి పోకూడదు.

3. సోరింగ్ గురించి తెలుసుకోండి

ఫ్లాట్ షాడ్ గుర్రం మామూలు లాడాలతో నడుస్తుంది. ప్యాడ్లు వేసిన గుర్రానికి ముందు గిట్టల కింద మందపాటి దొంతర కడతారు, గిట్టకు పైన గొలుసు వేస్తారు. ఆ గొలుసు ఆరు ఔన్సులు, అంటే దాదాపు 170 గ్రాములు మించకూడదని నిబంధన. అలాంటి గుర్రం ముందు కాళ్ళను ఛాతీ దాకా లేపి విసురుతుంది, వెనక భాగం కిందికి కుంగుతుంది. ఆ శైలిని బిగ్ లిక్ అంటారు. దానికి చప్పట్లు కొట్టేవాళ్ళు ఉన్నారు, చూడలేక లేచిపోయేవాళ్ళూ ఉన్నారు.

ఆ ఎత్తైన అడుగు కోసం 1950ల నుంచి కొందరు పట్టిన అడ్డదారి సోరింగ్. ముందు కాళ్ళకు ఆవనూనె లాంటి మంట పుట్టించే ద్రవ్యాలు పూసి, ప్లాస్టిక్ చుట్టి, మీద గొలుసు వేస్తారు. నేలను తాకితే నొప్పి కాబట్టి గుర్రం కాలు గబుక్కున ఎత్తేస్తుంది. దీన్ని ఆపడానికే అమెరికా ప్రభుత్వం 1970లో హార్స్ ప్రొటెక్షన్ యాక్ట్ తెచ్చింది, 1976లో సవరించింది. నొప్పి పెట్టిన గుర్రాన్ని షోకు తేవడం, సేల్‌లో పెట్టడం, వేలం వేయడం, అందుకోసం రవాణా చేయడం అన్నీ నేరమే. 2006 సెలబ్రేషన్‌లో ఫైనల్‌కు వచ్చిన గుర్రాల్లో ఎక్కువ భాగం తనిఖీలో తప్పడంతో ఆ ఏడు గ్రాండ్ ఛాంపియన్ అనేదే లేకుండా పోయింది.

2024లో వ్యవసాయ శాఖ, అంటే యూఎస్‌డీఏ, ప్యాడ్లను, గొలుసులను నిషేధిస్తూ కొత్త నిబంధనలు ప్రకటించింది. అవి అమల్లోకి రాబోయే ముందు, 2025 జనవరి చివర్లో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు ముఖ్యమైన భాగాలను కొట్టేసింది. ఈ వివాదం కదులుతూనే ఉంటుంది కాబట్టి మీరు వెళ్ళే ఏడాది ఏ నిబంధనలు నడుస్తున్నాయో యూఎస్‌డీఏ సైట్‌లో చూసుకోండి.

కొనేవాడిగా నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మొదటి గుర్రంగా ప్యాడ్ల మీద నడిచిన గుర్రాన్ని కొనకండి, ధర ఎంత తక్కువైనా సరే. సోరింగ్ జరగలేదని మీకు హామీ ఇవ్వగల మనిషి ఎవరూ ఉండరు. మామూలు లాడాలతో, లేదా లాడాలే లేకుండా, సొంత నడక నడిచే గుర్రాలు కావలసినన్ని ఉన్నాయి.

4. షో రాత్రి ఏం గమనించాలి

రింగు కంటే ముందు తనిఖీ చోటికి వెళ్ళండి. చాలా షోలలో దూరం నుంచి చూడనిస్తారు. తనిఖీదారు గుర్రాన్ని స్తంభాల చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో నడిపించి చూస్తారు. తర్వాత ముందు కాలు ఎత్తి, గిట్టకు కాస్త పైన ఉండే సన్నటి భాగాన్ని, పాస్టర్న్ అంటారు, బొటనవేళ్ళతో అంగుళం అంగుళం నొక్కుకుంటూ వెళ్తారు. ముందు వైపు, పక్కలు, ముఖ్యంగా వెనక వైపు. మంచి గుర్రం విసుగ్గా నిలబడి చెవులు అటూ ఇటూ తిప్పుతుంది. నొప్పి ఉన్నది కాలు లాక్కుంటుంది, తల విసురుతుంది, పొట్ట బిగిస్తుంది, బరువంతా వెనక కాళ్ళ మీదికి తోసేస్తుంది.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. నొప్పి వచ్చినా కదలకుండా నిలబడేలా కొట్టి అలవాటు చేసిన గుర్రాలూ ఉంటాయి. వాటి కళ్ళు చూడండి. చుట్టూ ఇంత హడావిడి జరుగుతుంటే చెవి కూడా కదపకుండా, ఒకే చోటికి చూస్తూ రాయిలా నిలబడిన గుర్రం బుద్ధిమంతురాలని పొంగిపోకండి.

రింగులో క్లాసులు, అంటే విడివిడి పోటీలు, వరసగా జరుగుతాయి. కొన్ని రెండు నడకలే అడుగుతాయి, కొన్ని కాంటర్‌తో కలిపి మూడు. ముందు ఒక దిశలో నడిపించి, తర్వాత వెనక్కి తిరగమంటారు, చివర్లో వరసగా నిలబెడతారు. మొదటి బహుమతికి నీలం రిబ్బన్, రెండోదానికి ఎరుపు, మూడోదానికి పసుపు. మీకు పనికొచ్చేవి గ్రాండ్ ఛాంపియన్‌షిప్‌లు కావు. ట్రెయిల్ ప్లెజర్, కంట్రీ ప్లెజర్, పిల్లల క్లాసులు, అమెచ్యూర్ రైడర్ల క్లాసులు చూడండి. పన్నెండేళ్ళ పిల్ల చేతిలో ప్రశాంతంగా నడిచే గుర్రం పేరు, నంబరు రాసుకోండి. కొన్ని షోలలో నీళ్ళ గ్లాసు క్లాసు పెడతారు. రౌతు చేతిలో నిండు గ్లాసు పట్టుకుని నడకలన్నీ నడిపించాలి, తొణకకుండా ఎక్కువ నీళ్ళు మిగిల్చినవాళ్ళు గెలుస్తారు. పిల్లలకు ఈ జాతి గొప్పతనం ఒక్క దెబ్బతో అర్థమయ్యేది అక్కడే.

న్యాయనిర్ణేత నిర్ణయం చెప్పకముందే మీ లెక్కలో మొదటి మూడు ఎవరో కాగితం మీద రాసుకోండి. మొదట్లో ఒక్కటీ కలవదు. సీజన్ గడిచేకొద్దీ కలవడం మొదలవుతుంది. కలవనప్పుడు పక్కన కూర్చున్న పెద్దమనిషిని అడగండి, "ఆ మూడోది మీకెందుకు నచ్చలేదండీ?" అని. గుర్రాల వాళ్ళు ఇలాంటి ప్రశ్నకు పొంగిపోతారు, గంటసేపు వదలరు.

క్లాసు అయ్యాక ట్రెయిలర్ల వైపు నడవండి, అడిగి మరీ. రింగులో ముత్యంలా నడిచిన గుర్రం అక్కడ కరుస్తోందా, ట్రెయిలర్ ఎక్కనంటోందా, యజమాని దానితో ఎలా మాట్లాడుతున్నాడు, ఇవన్నీ తెలుస్తాయి. పిల్లలు గుర్రాల వెనకగా పరుగెత్తకూడదు. గొడుగు ఠక్కున తెరవకూడదు, ఫ్లాష్ వేయకూడదు, అడగకుండా ఏమీ తినిపించకూడదు. గుర్రపుశాలల గోడ మీద, ఇక్కడి స్వారీలో సహజంగా ఉండే ప్రమాదాలకు నిర్వాహకుల బాధ్యత లేదని టెన్నెసీ చట్టం పేరుతో బోర్డు కనబడుతుంది. అలంకారానికి పెట్టింది కాదది.

5. డబ్బు లెక్క

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు మనవాళ్ళు. కొన్న ధర ఒకసారి ఇచ్చేది, మిగతాది నెలనెలా. వెయ్యి పౌండ్ల గుర్రానికి రోజుకు పదిహేను నుంచి ఇరవై పౌండ్ల ఎండుగడ్డి కావాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలి, లాడాలు వేయించాలి. ఏటా టీకాలు, పళ్ళ అరగదీత, నులిపురుగుల మందు. సొంత పొలం లేకపోతే బోర్డింగ్ అద్దె, అంటే వేరేవాళ్ళ శాలలో ఉంచినందుకు ఇచ్చేది. ఈ జాతి పాతికేళ్ళు పైబడి బతకడం మామూలే, అంటే మీ అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయాక కూడా బిల్లు మీకే వస్తుంది. దగ్గర్లోని రెండు బోర్డింగ్‌శాలలకు, ఒక లాడాల మనిషికి, ఒక వెటర్నరీ క్లినిక్‌కు ఫోన్ చేసి నెల ఖర్చు రాసుకోండి. ఆ అంకె చూశాక కూడా ఉత్సాహం మిగిలితే ముందుకు వెళ్ళండి.

6. సేల్ కేటలాగ్ చదవడం

సేల్‌కు కొన్ని వారాల ముందు కేటలాగ్ వస్తుంది. ప్రతి గుర్రానికీ ఒక హిప్ నంబరు ఉంటుంది, అదే స్టిక్కర్ గుర్రం తుంటి మీద అంటిస్తారు. పేజీలో తండ్రి వంశం పైన, తల్లి వంశం కింద. పాత వంశవృక్షాలు వెనక్కి వెళ్తే 1886లో పుట్టిన బ్లాక్ అలన్ దగ్గరికి చేరతాయి, జాతికి మూలపురుషుడిగా 1935లో ఏర్పడిన బ్రీడర్ల సంఘం గుర్తించింది ఆ గుర్రాన్నే. తొలి స్వారీ గుర్రం కొనేవాళ్ళకు ఈ పేర్ల వల్ల వచ్చే లాభం తక్కువ. ముత్తాత ఛాంపియన్ అయినంత మాత్రాన మునిమనవడు ట్రెయిలర్ ఎక్కుతాడని లేదు.

వంశం పేజీ కంటే షరతుల పేజీ ముఖ్యం. చాలా సేల్స్‌లో గుర్రాన్ని ఉన్నదున్నట్టు అమ్ముతారు, తర్వాత లోపం బయటపడినా వెనక్కి తీసుకోరు. ఏవేవి ముందే వెల్లడించాలో, ఎన్ని గంటల్లోపు ఫిర్యాదు చేయవచ్చో అక్కడే రాసి ఉంటుంది. కొనుగోలుదారు మీద అదనపు కమిషన్ ఉందా, డబ్బు ఏ రూపంలో ఎప్పటిలోపు కట్టాలి అనేవి చూడండి. సాధారణంగా పాట ముగిసిన క్షణం నుంచి గుర్రం బాధ్యత మీదే, అది పక్క గదిలో కాలు విరగ్గొట్టుకున్నా. కేటలాగ్‌లో ఒకటి ఉండి వేలంపాటగాడు మైకులో ఇంకోటి చెబితే మైకు మాటే చెల్లుతుంది. అందుకే మీ గుర్రం రింగులోకి వస్తున్నప్పుడు కబుర్లు ఆపి వినండి.

కేటలాగ్‌లో ఏడాది, రెండేళ్ళ పిల్లలు తక్కువ ధరకు ఊరిస్తుంటాయి. కొత్తవాళ్ళు, శిక్షణ లేని పిల్లగుర్రం, ఈ రెండూ కలిస్తే ఆసుపత్రి ఖర్చే. పదేళ్ళు దాటిన జెల్డింగ్, అంటే విత్తు కొట్టిన మగగుర్రం, తొలి ఇంటికి చక్కగా సరిపోతుంది. నెమ్మదైన ఆడగుర్రమూ ఫర్వాలేదు. స్టాలియన్, అంటే విత్తు కొట్టని మగగుర్రం, వైపు చూడనే వద్దు.

7. సేల్ రోజు పొద్దున్నే

పాట సాయంత్రమైనా పొద్దున్నే చేరండి. మీ జాబితాలోని గుర్రం చెమట పట్టకముందు, అలసిపోకముందు చూడాలి. తోడుగా అనుభవం ఉన్న ట్రైనర్‌నో, మీ పిల్లల టీచర్‌నో తీసుకెళ్ళండి, వాళ్ళ సమయానికి డబ్బివ్వండి. అమ్మేవాళ్ళ దగ్గర కూడా కమిషన్ తీసుకుంటున్నారా అని ముఖం మీదే అడగండి.

మొదట స్టాల్, అంటే గుర్రాన్ని ఉంచే గది, బయట నిలబడి ఊరికే చూడండి. గుర్రం నాలుగు కాళ్ళ మీదా బరువు సమానంగా వేస్తోందా? వెనక కాళ్ళను పొట్ట కిందికి లాక్కుని, ముందు కాళ్ళను తేలిక చేసుకుని నిలబడితే అనుమానించండి. తర్వాత యజమాని అనుమతితో ముందు కాలు ఎత్తించి పాస్టర్న్ వెనక వైపు చూడండి. అక్కడ చర్మం మెత్తగా, వెంట్రుక ఒకే తీరుగా ఉండాలి. ముడతలు పడి తాడులా గట్టిపడిన చర్మం, వెంట్రుకలు ఊడిన మచ్చలు, అలలు తిరిగిన వెంట్రుకలు ఉంటే ఆ గుర్రాన్ని వదిలేయండి. జాలి వేస్తుంది, నిజమే. కానీ అలాంటి మచ్చలు తనిఖీ నిబంధనల్లోకి వస్తాయి, తర్వాత దాన్ని షోకు తీసుకెళ్ళినా అమ్మబోయినా చిక్కు మీకే.

పళ్ళు చూసి వయసు కాగితంతో సరిపోతుందో లేదో తేల్చుకోండి. ఒంగోలు వైపు ఎడ్ల సంతలో తాతలు రెండు పళ్ళు, నాలుగు పళ్ళు అని లెక్కపెట్టి బేరం మొదలుపెట్టేవారు కదా, ఇదీ ఆ పనే, కాకపోతే పదేళ్ళు దాటాక పళ్ళ లెక్క అంచనాకే పనికొస్తుంది. కంటి ముందు చెయ్యి నెమ్మదిగా కదిపి చూపు చూడండి. నాలుగు గిట్టలూ ఎత్తించండి. ఎత్తనివ్వని గుర్రంతో లాడాల మనిషి మీకు రెండోసారి ఫోన్ ఎత్తడు.

ఇక స్వారీ. అమ్మేవాళ్ళనే జీను వేయమనండి, వాళ్ళనే ముందు ఎక్కమనండి. జీను బిగించేటప్పుడు కరవబోతోందా, ఎక్కేటప్పుడు కదలకుండా నిలబడుతోందా చూడండి. ఫ్లాట్ వాక్ నెమ్మదిగా మొదలుపెట్టి, వేగం పెంచి, మళ్ళీ తగ్గించమనండి. తగ్గించడమే అసలు పరీక్ష, ఉద్రేకపడ్డ గుర్రం దిగిరాదు. కళ్ళెం వదులు చేసినప్పుడు కూడా నడక నిలవాలి. బిగపట్టినప్పుడే రన్నింగ్ వాక్, వదిలితే పేసింగ్ అంటే ఆ నడక గుర్రానిది కాదు, రౌతు చేతులది. అదంతా అయ్యాక మీ టీచర్ ఎక్కాలి, చివరగా మీరు.

సేల్ ఆవరణలో వెటర్నరీ డాక్టర్ దొరికితే పరీక్ష చేయించండి. కాళ్ళు మడిచి పట్టుకుని వదిలాక నడిపించి చూసే ఫ్లెక్షన్ పరీక్ష, అవసరమైతే ఎక్స్‌రే, తప్పనిసరిగా రక్త నమూనా. నొప్పి మందు, మత్తు మందు ఇచ్చి తెచ్చిన గుర్రం ఆ పూట గోవులా ఉంటుంది. నమూనా తీయిస్తానంటే అమ్మేవాడు తడబడ్డాడంటే, ఫలితం రాకముందే మీకు జవాబు దొరికినట్టు.

8. పాట

మన సంతల్లో కండువా కింద వేళ్ళు పట్టుకుని గుట్టుగా తేల్చే బేరం ఇక్కడ మైకులో అరుపుగా నడుస్తుంది. వేలంపాటగాడి మాట మొదటి గంట అర్థం కాదు. ఆ గంట ఊరికే వినండి. అతను ఒక అంకె ఇప్పటికే వచ్చిందని, ఇంకో అంకె కావాలని చెబుతుంటాడు, మధ్యలో ఉన్నదంతా ఊతపదాలే. రింగు చుట్టూ తిరుగుతూ జనంలో చేతులెత్తినవాళ్ళను పట్టుకుని కేకేసే సహాయకులు ఉంటారు. వాళ్ళు మీ కళ్ళలోకి చూసి "ఇంకొక్కటి" అంటారు, మొహమాటపెడతారు. అది వాళ్ళ ఉద్యోగం. మీ గరిష్ఠ ధర చీటీ మీద రాసి మీ ఆవిడకో మీ ఆయనకో ఇచ్చి, ఆ అంకె రాగానే చెయ్యి పట్టుకుని కిందికి లాగమనండి. కమిషన్, పన్ను కలిపాకే ఆ అంకె రాయండి.

అమ్మేవాళ్ళు తమకు కావలసిన కనీస ధర ముందే పెట్టుకుని ఉంటారు. అది రాకపోతే గుర్రం అమ్ముడుపోకుండా వెనక్కి వెళ్తుంది. మీ లెక్కకు దగ్గర్లో ఆగిపోయి ఉంటే స్టాల్ దగ్గరికి వెళ్ళి మర్యాదగా మాట్లాడండి, నిర్వాహకుల కమిషన్ నిబంధన చూసుకుని. ఇంటికి తిరిగి తోలుకెళ్ళడం ఇష్టం లేనివాళ్ళు అప్పుడు దిగివస్తారు.

నిజానికి తొలి గుర్రానికి పాట కంటే ప్రైవేట్ అమ్మకమే మేలు. షోలలో రాసుకున్న పేర్ల జాబితా ఇక్కడ అక్కరకొస్తుంది. షోలో చూసిన ఆ పన్నెండేళ్ళ పిల్ల పెద్దదై గుర్రం అమ్మే రోజు వస్తుంది. వాళ్ళింటికి మూడు నాలుగుసార్లు వెళ్ళి, వానలో, ఎండలో, ఒకసారి చెప్పాపెట్టకుండా చూడవచ్చు. వారం రోజులు ట్రయల్ అడగవచ్చు. సేల్‌లో ఇవేవీ కుదరవు.

9. కాగితాలు, ప్రయాణం, ట్రైనర్

డబ్బు కట్టేముందు చేతిలో ఉండాల్సినవి: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, అమ్మినవాళ్ళు సంతకం చేసిన ట్రాన్స్‌ఫర్ ఫారం, అమ్మకం రసీదు, గత పన్నెండు నెలల్లో చేసిన నెగటివ్ కాగిన్స్ పరీక్ష (గుర్రాలకు వచ్చే ఒక అంటురోగానికి చేసే రక్త పరీక్ష) రిపోర్టు. రాష్ట్రం దాటించాలంటే ముప్పై రోజుల్లోపు వెటర్నరీ డాక్టర్ ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం కూడా. సర్టిఫికెట్ మీది రంగు, మచ్చలు ఎదురుగా ఉన్న గుర్రంతో సరిపోతున్నాయో పోల్చండి. యజమాని పేరు అమ్ముతున్న మనిషి పేరేనా చూడండి. "పేపర్లు పోస్టులో పంపిస్తాం" అంటే కొంత డబ్బు ఆపండి. ట్రాన్స్‌ఫర్ పత్రాలు లూయిస్‌బర్గ్‌లోని బ్రీడర్ల సంఘానికి మీరే పంపితే ఆలస్యం ఉండదు.

ఇంటికి తెచ్చాక రెండు మూడు వారాలు మిగతా గుర్రాలకు దూరంగా ఉంచండి. పాత చోట తిన్న గడ్డి రెండు బేళ్ళు అడిగి తెచ్చుకుని కొత్తదానితో కలుపుతూ మెల్లగా మార్చండి. హఠాత్తుగా మారిస్తే కడుపునొప్పి వస్తుంది, గుర్రానికి అది ప్రాణాంతకం కూడా కావచ్చు. మొదటి వారం స్వారీ కంటే చేత్తో నడిపించడమే మంచిది. భుజాల కదలికకు అడ్డురాని జీను వెతకండి, ఈ జాతి నడక చాలామటుకు భుజం స్వేచ్ఛ మీదే ఆధారపడుతుంది.

ఇకపై మీరే షోలో పాల్గొనాలనుకుంటే చిన్న ఊరి షోలో ట్రెయిల్ ప్లెజర్‌తోనో, బుజ్జి పిల్లలకు పెద్దవాళ్ళు తాడు పట్టుకుని నడిపించే లీడ్‌లైన్ క్లాసుతోనో మొదలుపెట్టండి. గుర్రాన్ని ట్రైనర్ దగ్గర వదిలితే ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి: లాడాలు మార్చాలన్నా, ప్యాడ్లు వేయాలన్నా, మందు ఇవ్వాలన్నా ముందు మీకు చెప్పాలి, మీరు ఏ రోజైనా ముందు చెప్పకుండా రావచ్చు. హార్స్ ప్రొటెక్షన్ యాక్ట్ కింద సోరింగ్‌ను జరగనిచ్చిన యజమాని మీదా కేసు పడుతుంది. మొదటి తప్పుకు కనీసం ఏడాది, తర్వాతి తప్పులకు కనీసం ఐదేళ్ళు షోల నుంచి నిషేధం విధించవచ్చు, జరిమానా అదనం. చెప్పకుండా రావద్దని ట్రైనర్ అంటే ఆ సాయంత్రమే ట్రెయిలర్ తగిలించుకుని వెళ్ళి గుర్రాన్ని వెనక్కి తెచ్చేసుకోండి.